తెర నల్లబడినంత మాత్రాన యంత్రం చచ్చిపోలేదు

ఈ శీర్షికకు కొన్ని మాసాలుగా వస్తున్న జాబులలో ఒకే మొర పదేపదే వినిపిస్తున్నది. "కంప్యూటరు ముందునుంచి లేచి, కాఫీ త్రాగి వచ్చేసరికి తెర నల్లబడి ఉన్నది. మీటలు నొక్కినా ఉలకదు, పలకదు. ఏమి చెయ్యమంటారు?" అని కొందరు అడిగారు. తెర వెలిగింది గాని అక్షరాలు పడడం లేదని మరికొందరు వ్రాశారు. ఒక్కొక్కరికీ విడివిడిగా బదులు వ్రాసే బదులు, అందరికీ పనికివచ్చేటట్లు ఈ నెల శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

మొదటే ఒక మాట చెప్పాలి. ఇటువంటి సమయంలో ఇంట్లో ఎవరో ఒకరు "ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టండి, అదే దారికి వస్తుంది" అంటారు. యంత్రం దారికి వచ్చే మాట నిజమే కావచ్చు. కాని అంతవరకు భద్రపరచకుండా తెరమీద ఉంచిన పని దారి తప్పుతుంది. కాబట్టి ప్లగ్గు పీకడమనేది అన్నిటికన్న చివరి వైద్యం. దానికి ముందు చేయదగినవి చాలా ఉన్నవి.

అసలు ఈ స్క్రీన్ సేవర్ ఎందుకు వచ్చింది?

పూర్వపు కంప్యూటర్లకు గాజు బుడ్డి తెరలుండేవి. లోపలి గోడకు ఫాస్ఫరు పూత ఉండేది. ఎలక్ట్రానుల ధార ఆ పూతను తాకినప్పుడు అది వెలిగేది. ఒకే బొమ్మ గంటల తరబడి, నెలల తరబడి ఒకేచోట నిలిచి ఉంటే అక్కడి పూత మిగతా చోట్లకన్న ముందుగా అరిగిపోయేది. తరువాత తెర ఆర్పినా ఆ బొమ్మ నీడ చారలు చారలుగా కనబడుతూనే ఉండేది. ఈ నష్టాన్ని తప్పించడానికి జాన్ సోచా అనే ఆయన 1983లో ఐ.బి.ఎం. పి.సి.కి ఒక చిన్న ప్రోగ్రాము వ్రాశాడు. అది ఆ సంవత్సరం డిసెంబరులో సాఫ్ట్‌టాక్ అనే పత్రికలో అచ్చయింది. మూడు నిమిషాలపాటు ఎవరూ మీట నొక్కకపోతే తెరను నల్లగా చేయడమే దాని పని. 1989లో బర్క్‌లీ సిస్టమ్స్ వారు ఆఫ్టర్ డార్క్ అనే ప్రోగ్రాము తెచ్చిన తరువాత ఇది వినోదంగా మారింది. రెక్కలు తొడుక్కొని ఎగిరే రొట్టె కాల్చే యంత్రాలు దానివల్లనే పేరుపొందినవి. మన ఇళ్ళలో చాలామంది చూచిన గొట్టాల అల్లికలు, నక్షత్రాల వానలు ఆ తరువాతివి.

ఇప్పటి పలుచని ఎల్.సి.డి. తెరలకు ఫాస్ఫరు పూత లేదు. వెనుకనుంచి దీపం వెలుగుతూ ఉంటే, ముందున్న ద్రవస్ఫటికాల పొర ఆ వెలుగును వదలడమో ఆపడమో చేస్తుంది. కాబట్టి బొమ్మలు ఆడించినందువల్ల ఈ తెరకు మేలేమీ లేదు. బొమ్మలాడినంతసేపూ వెనుకనున్న దీపం వెలుగుతూ కరెంటు తింటూనే ఉంటుంది. ఓలెడ్ తెరలకు మాత్రం మచ్చ పడే గుణం కొంత ఉన్నది. వాటికి కూడా బొమ్మలకన్న తెరను ఆర్పివేయడమే మంచిది. విండోస్ 10, 11లలో స్క్రీన్ సేవర్ తనంతట తాను ఉండదు. మనం కావాలని పెట్టుకుంటేనే ఉంటుంది.

నాలుగు రకాల నిద్ర

తెర నల్లగా ఉన్నదంటే కారణాలు ఒకటి కాదు. రోగం తెలియకుండా మందు వేయరాదు గనుక, ముందుగా వాటిని వేరుచేసి చూద్దాము.

మొదటిది స్క్రీన్ సేవర్. యంత్రం పూర్తిగా మెలకువగానే ఉంటుంది. తెరమీద మాత్రం వేరే బొమ్మగాని నలుపుగాని ఆడుతుంది. మనిషి మేలుకొని ఉండి మొగంమీద కండువా కప్పుకున్నట్లన్నమాట.

రెండవది తెర ఆరిపోవడం. యంత్రం మెలకువగానే ఉండి, మానిటరుకు బొమ్మ పంపడం మానుతుంది. లోపలి ఫంకా చప్పుడు వినబడుతూ ఉంటుంది. మానిటరు మీది చిన్నదీపం తెలుపు, నీలం రంగులనుంచి నారింజ రంగుకు మారుతుంది, లేదా మిణుకు మిణుకుమంటుంది.

మూడవది నిద్ర. చాలా యంత్రాలలో ఫంకా ఆగిపోతుంది. పెట్టెమీది దీపం నెమ్మదిగా మిణుకుతూ ఉంటుంది. మీరు చేస్తున్న పని అంతా లోపలి తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. దానికి కొద్దిపాటి కరెంటు అందుతూ ఉండాలి. ఈ స్థితిలో ప్లగ్గు పీకితే, భద్రపరచని పని ఆ క్షణంలోనే పోతుంది.

నాలుగవది దీర్ఘనిద్ర. దీనినే హైబర్నేట్ అంటారు. పని అంతా డిస్కుమీద వ్రాసిపెట్టి యంత్రం పూర్తిగా ఆరిపోతుంది. దీపాలేవీ ఉండవు. దీనిని లేపడానికి పవరు మీటను ఒకసారి నొక్కాలి. కీబోర్డు తట్టినా లేవదు. అందుచేత "మీటలు నొక్కాను, చచ్చినట్లు పడి ఉన్నది" అన్న జాబులలో కొన్నిటికి ఇదే జవాబు కావచ్చు.

షోలాపూరు నుంచి ఒక జాబు

షోలాపూరులో స్థిరపడిన ఒక చేనేత కుటుంబపు పెద్దాయన, వయస్సు డెబ్బై ఎనిమిది, ఇట్లా వ్రాశారు: "మా తాతలు పాలమూరు జిల్లానుంచి ఇక్కడికి మగ్గాలకోసం వచ్చిన వైనం, మా ఇంటి పేర్లు, పెళ్ళి సంబంధాలు, పోయినవారి తిథులు, అన్నీ ఒక్కచోట వ్రాసిపెడుతున్నాను. మా మనుమలకు మరాఠీ బాగా వచ్చును, తెలుగు చదవడం కొద్దిగానే వచ్చును. నేను పోతే ఈ సంగతులు చెప్పేవారుండరు. పోయిన నెలలో భోజనానికి లేచి వచ్చేసరికి తెర నల్లబడింది. మా అల్లుడుగారు తొందరపడి స్విచ్చి ఆపేశారు. ఆ ఉదయం వ్రాసినదంతా పోయింది. మళ్ళీ వ్రాద్దామంటే కొన్ని పేర్లు గుర్తుకు రావడం లేదు. ఈసారి అట్లా అయితే నేనేమి చెయ్యాలి?"

అయ్యా, మీ జాబు చదివినవారెవరికైనా మనస్సు చివుక్కుమంటుంది. పోయిన పేర్లలో కొన్నయినా మీ వయస్సువారిని, ఊరివైపు బంధువులను అడిగి రాబట్టుకోగలరని ఆశిస్తాను. మళ్ళీ అటువంటిది జరుగకుండా ఈ క్రింది వరుసను ఒక అట్టమీద వ్రాసి బల్లకు అతికించుకోండి. అల్లుడుగారికి కూడా చూపించండి.

ఒకటి. ముందు షిఫ్ట్ మీటను ఒక్కసారి నొక్కి అర నిమిషం ఆగండి. షిఫ్ట్ వల్ల అక్షరమేదీ పడదు. కనుక తెర వెనుక ఏమున్నా చెడిపోదు. నిద్రలేచే యంత్రానికి కొంత వ్యవధి పడుతుంది. ఆలోగా అన్ని మీటలూ దడదడ వాయిస్తే, అవన్నీ సంకేతపదం అడిగే గడిలో పడి కొత్త చిక్కు తెచ్చిపెడతవి.

రెండు. క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. కీబోర్డుమీద దానికొక చిన్న దీపం ఉంటుంది. ఆ దీపాన్ని వెలిగించేదీ ఆర్పేదీ కంప్యూటరేగాని కీబోర్డు కాదు. మీరు నొక్కినప్పుడల్లా దీపం వెలిగి ఆరుతూ ఉంటే యంత్రం బ్రతికే ఉన్నదని అర్థం. లోపం తెరది మాత్రమే. అప్పుడు పవరు మీట జోలికి వెళ్ళనే వెళ్ళకూడదు. నాడి చూడడమంటే ఇదే. చూచిన తరువాత దీపం ఆరి ఉండేటట్లు మరొకసారి నొక్కి వదలండి.

మూడు. నాడి ఆడుతున్నది గాని తెర నల్లగా ఉన్నదనుకోండి. విండోస్ గుర్తు మీట, కంట్రోల్, షిఫ్ట్, ఈ మూడింటినీ పట్టుకొని బి అక్షరాన్ని నొక్కండి. విండోస్ 10, 11లలో ఇది తెరకు బొమ్మ పంపే డ్రైవరు ప్రోగ్రామును మళ్ళీ మొదలుపెడుతుంది. సాధారణంగా చిన్న చప్పుడొకటి వినబడి తెర ఒకసారి మిణుకుతుంది. తెరచి ఉన్న మీ వ్రాతలకు దీనివల్ల హాని లేదు. చాలా నల్లతెరలు ఇక్కడే తేటపడతవి.

నాలుగు. అప్పటికీ వెలుగు రాకపోతే విండోస్ మీటతో పి నొక్కండి. బొమ్మ ఒక తెరకు పోవాలా, రెండవ తెరకు పోవాలా అని నిర్ణయించే పట్టీ ఇది. టెలివిజనుకో ప్రొజెక్టరుకో ఒకప్పుడు తగిలించి ఉంటే, యంత్రం బొమ్మను లేని తెరకు పంపుతూ ఉండవచ్చు. కొద్దిగా ఆగి, బాణం మీటను ఒకసారి, ఎంటర్ ఒకసారి నొక్కి చూడండి. ఫలించకపోతే మళ్ళీ మొదటినుంచి అదే పద్ధతిలో బాణాన్ని రెండుసార్లు నొక్కి చూడండి.

ఐదు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కండి. స్క్రీన్ సేవరే చిక్కుబడి నిలిచిపోయి ఉంటే ఇది దానిని ప్రక్కకు తోసి నీలపు తెరను చూపే అవకాశమున్నది. వెనుకకు రావడానికి ఎస్కేప్ మీట చాలు.

ఆరు. క్యాప్స్ లాక్ దీపం కదలనే కదలదు, పెట్టెమీది దీపం మిణుకుతున్నది, లేదా పూర్తిగా ఆరి ఉన్నది అనుకోండి. అది నిద్రగాని దీర్ఘనిద్రగాని. పవరు మీటను ఒక్కసారి తట్టి వదలండి. నొక్కి పట్టుకోకూడదు.

ఏడు. దీపం కదలదు, పెట్టె దీపం నిలకడగా వెలుగుతున్నది, ఫంకా తిరుగుతున్నది అంటే యంత్రం నిజంగా బిగుసుకుపోయిందన్నమాట. ఐదు నిమిషాలు ఆగి చూడండి. అప్పటికీ చలనం లేకపోతేనే పవరు మీటను ఐదారు సెకనులు, అవసరమైతే మరికొంచెంసేపు నొక్కి పట్టి ఆర్పండి. ప్లగ్గు పీకడంకన్న ఇది మేలు, కాని ఇదీ కడపటిదే.

చీకటిలో భద్రపరచడం

మూడు నాలుగు మెట్లు ఫలించలేదు, కాని నాడి మాత్రం ఆడుతున్నది. అప్పుడు చూపు లేకుండానే పనిని భద్రపరచవచ్చు. విండోస్ మీట, కంట్రోల్ పట్టుకొని ఎంటర్ నొక్కితే నరేటర్ అనే ప్రోగ్రాము గొంతు విప్పుతుంది. చూపులేనివారి సౌకర్యంకోసం పెట్టిన ఏర్పాటు ఇది. తెరమీద ఏమున్నదో ఇంగ్లీషులో చదివి వినిపిస్తుంది. ఇంట్లో పెద్ద చదువు చదివే పిల్లలెవరైనా ఉంటే ప్రక్కన కూర్చోబెట్టుకోండి. సంకేతపదం అడుగుతున్నదని వినబడితే దానిని నిదానంగా కొట్టి ఎంటర్ నొక్కాలి. మీ వ్రాతప్రతి పేరు వినబడిన తరువాత కంట్రోల్ పట్టుకొని ఎస్ నొక్కాలి. ఆ ప్రతికి అంతకుముందే పేరు పెట్టి ఉంటే చడీచప్పుడు లేకుండా భద్రమవుతుంది. పేరే పెట్టకపోతే, ఏ పేరు పెట్టాలని యంత్రం ఎదురు ప్రశ్న వేస్తుంది. చీకటిలో దానికి బదులు చెప్పడం కష్టం. అందుకే, మొదటి వాక్యం వ్రాయగానే పేరు పెట్టి భద్రపరచడం ఎప్పుడూ మంచిది. బిడ్డ పుట్టగానే పేరు పెట్టడానికి మనం పదకొండు దినాలు ఆగవచ్చును గాని, వ్రాతప్రతి విషయంలో పదకొండు నిమిషాలు కూడా ఆగరాదు.

నరేటరును ఆపడానికి కూడా అవే మూడు మీటలు.

వర్డ్ ప్రోగ్రాములో తనంతట తానే పది నిమిషాలకొకసారి నకలు తీసిపెట్టుకునే ఏర్పాటు ఉన్నది. యంత్రం బలవంతంగా ఆరిపోయినా, మళ్ళీ వర్డ్ తెరిచినప్పుడు ప్రక్కపట్టీలో ఆ నకలును చూపుతుంది. కంగారులో ఆ పట్టీని మూసేయకుండా, ముందు దానిని తెరిచి వేరే పేరుతో భద్రపరచండి. ఆ పది నిమిషాలను ఐదుకో మూడుకో తగ్గించుకోవచ్చు. ఫైలు, ఆప్షన్స్, సేవ్ అనే వరుసలో ఆ సంఖ్య కనబడుతుంది.

తప్పు మానిటరుదైతే

కొన్నిసార్లు కంప్యూటరుకు ఏ లోపమూ ఉండదు. మానిటరు గాఢనిద్రలో పడి, యంత్రం పిలిచినా లేవదు. మానిటరు మీటను ఆర్పి, పది లెక్కపెట్టి మళ్ళీ వెయ్యండి. సిగ్నలు లేదని తెరమీద వ్రాత వచ్చిందంటే మానిటరు బాగున్నదని, బొమ్మ దానికి చేరడం లేదని అర్థం. తీగ రెండు కొసలూ బిగువుగా ఉన్నవేమో చూడండి. పాతరకం వి.జి.ఎ. తీగకు ప్రక్కన రెండు మరలుంటవి. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అవి వదులు కావడం మామూలే. తరువాత మానిటరుమీది మీటలతో ఏ ద్వారంనుంచి బొమ్మ తీసుకోవాలో సరిచూడండి. హెచ్.డి.ఎం.ఐ. తీగ తగిలించి, మానిటరు వి.జి.ఎ. వైపు చూస్తూ ఉంటే ఏమీ కనబడదు. కొన్ని మానిటర్ల పట్టీలో డీప్ స్లీప్ అనే అంశం ఉంటుంది. దానిని ఆపివేస్తే ఈ పీడ తరచుగా వదలిపోతుంది.

ఇవి చూడకుండానే కొత్త మానిటరు కొనిపించే దుకాణాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నవి. పొరుగింటి మానిటరును ఒక్కసారి అరువు తెచ్చి తగిలించి చూస్తే, వేలరూపాయల ఖర్చు అవసరమో కాదో పది నిమిషాలలో తేలిపోతుంది.

హోసూరు నుంచి: అక్షరాలు పడడం లేదు

హోసూరునుంచి ఒక సోదరి వ్రాశారు: "తెర వెలుగుతున్నది, మౌసు కదులుతున్నది. కీబోర్డు మాత్రం పనిచేయడం లేదు. గట్టిగా నొక్కిపట్టితే ఒక్కొక్క అక్షరం పడుతున్నది. అమ్మాయి కాలేజీ దరఖాస్తుకు గడువు దగ్గరపడింది. కొత్త కీబోర్డు కొనమంటారా?"

అమ్మా, కొనవద్దు. మీరు వ్రాసిన లక్షణమే జబ్బు పేరు చెప్పేస్తున్నది. చేతులు వణికేవారికోసం విండోస్‌లో ఫిల్టర్ కీస్ అనే ఏర్పాటు పెట్టారు. అది అమలులో ఉంటే మామూలు తాకిడిని యంత్రం పొరపాటుగా భావించి లెక్కచేయదు. నొక్కిపట్టితేనే ఒప్పుకుంటుంది. కుడిప్రక్క షిఫ్ట్ మీటను ఎనిమిది సెకనులు నొక్కిపట్టితే ఈ ఏర్పాటు ముందుకు వచ్చి, కావాలా వద్దా అని అడుగుతుంది. యంత్రాన్ని లేపాలని షిఫ్ట్ మీద వేలు పెట్టి అట్లాగే ఉంచినప్పుడు, లేదా కీబోర్డుమీద పుస్తకం పెట్టినప్పుడు ఇది తటస్థిస్తుంది. వచ్చిన ప్రశ్నను చదవకుండా సరే అంటే అంతే సంగతులు. కుడి షిఫ్టును మళ్ళీ ఎనిమిది సెకనులు పట్టి వదలితే సాధారణంగా తొలగిపోతుంది. తొలగకపోతే, సంకేతపదం అడిగే తెరకు క్రింద కుడిమూలన మనిషి బొమ్మవంటి గుర్తు ఉంటుంది. దానిని మౌసుతో నొక్కి ఫిల్టర్ కీస్‌ను ఆర్పండి. దీనికి అక్క వరుస స్టికీ కీస్. షిఫ్టును వరుసగా ఐదుసార్లు కొడితే అది ముందుకు వస్తుంది. దానివల్ల ఒకసారి తట్టిన షిఫ్ట్ తరువాతి మీటకు కూడా అంటుకొని ఉంటుంది. మళ్ళీ ఐదుసార్లు కొడితే పోతుంది.

కీబోర్డు నిజంగానే పలకకపోతే ఇవి చూడండి. తీగలేని కీబోర్డయితే ముందు బ్యాటరీలు మార్చండి, యు.ఎస్.బి. ముక్కను తీసి వేరే రంధ్రంలో పెట్టండి. తీగ ఉన్నదయితే తీగను తీసి వేరే రంధ్రంలో పెట్టండి. తాజాగా తగిలించినప్పుడు యంత్రం దానిని కొత్తగా గుర్తిస్తుంది. అప్పుడు పనిచేస్తే, తప్పు కీబోర్డుది కాదు. కరెంటు పొదుపుకోసం యంత్రం ఆ రంధ్రానికి సరఫరా ఆపి, తిరిగి ఇవ్వడం మరచిందన్నమాట. డివైస్ మేనేజరులో యు.ఎస్.బి. రూట్ హబ్ అనే పేర్లు ఉంటవి. ఒక్కొక్కదాని లక్షణాల పట్టీలో పవర్ మేనేజ్‌మెంట్ అనే పుట ఉంటే, కరెంటు ఆదాకోసం దీనిని ఆర్పవచ్చునని ఉన్నచోట టిక్కు తీసివేయండి. అక్కడే కీబోర్డు పేరు క్రింద, యంత్రాన్ని లేపడానికి దీనికి అనుమతి ఇవ్వాలా అన్నచోట టిక్కు ఉండేటట్లు చూడండి. అది లేకపోతే మీరెన్ని మీటలు కొట్టినా నిద్రపోతున్న యంత్రానికి వినబడదు.

బరంపురం నుంచి: సంకేతపదం తప్పంటున్నది

బరంపురంనుంచి ఒక ఉపాధ్యాయులు ఇట్లా అడిగారు: "నా సంకేతపదం నాకు నిద్రలో అడిగినా చెప్పగలను. ఉదయం ఒప్పుకున్న యంత్రమే మధ్యాహ్నం తెర నల్లబడి వెలిగిన తరువాత తప్పంటున్నది. ఇందులో మాయ ఏమిటి?"

మాయ లేదు, మాస్టారూ. రెండు మూడు భాషల నడుమ బ్రతికే మనవంటివారికి ఇది సహజమైన చిక్కు. తెలుగు, ఒరియా, ఇంగ్లీషు మూడు పలకలు ఒకే యంత్రంలో పెట్టుకున్నప్పుడు, చివరకు వాడిన పలక తెలుగైతే మీరు కొట్టే ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాలు పడుతూ ఉండవచ్చు. సంకేతపదం చుక్కలుగానే కనబడుతుంది గనుక మనకు తెలియదు. గడి చివర కన్ను గుర్తు ఉంటుంది. దానిని నొక్కిపట్టితే కొట్టినది కనబడుతుంది. ప్రక్కన ఎవరూ లేనప్పుడు చూడండి. క్రింద కుడిమూలన భాష గుర్తును నొక్కి గాని, విండోస్ మీటతో స్పేస్ మీటను నొక్కి గాని ఇంగ్లీషుకు మార్చుకోండి.

క్యాప్స్ లాక్ దీపం వెలుగుతూ ఉన్నదేమో కూడా చూడండి. అంకెల సంకేతం వాడేవారు కుడిప్రక్కనున్న అంకెల మీటలు వాడుతూ ఉంటే నమ్ లాక్ దీపం వెలుగుతూ ఉండాలి. అది ఆరి ఉంటే అంకెలు అసలు పడవు. ప్రత్యేకంగా అంకెల మీటలు లేని కొన్ని పాత ల్యాప్‌టాపులలో దీనికి విపర్యయం. నమ్ లాక్ పొరపాటున పడితే యు, ఐ, ఓ మీటలు 4, 5, 6గా, జె, కె, ఎల్ మీటలు 1, 2, 3గా మారిపోతవి. నమ్ లాక్ తీసేస్తే మామూలవుతుంది.

యానాం నుంచి: గాజులు చేసిన అల్లరి

యానాంనుంచి ఒక విద్యార్థిని జాబు చమత్కారంగా ఉన్నది. ల్యాప్‌టాపు మీద చేతులానించి వ్రాస్తూ ఉంటే తెర ఉన్నట్టుండి ఆరిపోతుంది, చెయ్యి తీస్తే వెలుగుతుంది అని వ్రాసింది. అమ్మాయీ, నీ చేతికి అయస్కాంతపు కొక్కెం ఉన్న కడియంగాని, గడియారపు పట్టీగాని ఉన్నదేమో చూచుకో. ల్యాప్‌టాపు మూత మూసినదీ తెరిచినదీ తెలుసుకోవడానికి మూతలో చిన్న అయస్కాంతాన్ని, క్రింది భాగంలో దానిని పసికట్టే ముక్కను పెడతారు. నీ చేతి అయస్కాంతం ఆ ముక్కమీదికి వస్తే మూత మూశారని యంత్రం నిద్రకు పోతుంది. అయస్కాంతం ఉన్న సెల్‌ఫోను తొడుగును పలకమీద పెట్టినా ఇదే జరుగుతుంది.

ల్యాప్‌టాపు తెర ఎప్పుడూ చీకటిగానే ఉంటే మరొక పరీక్ష ఉన్నది. గదిలో దీపం ఆర్పి, టార్చి వెలుగును తెరమీద ఏటవాలుగా వెయ్యండి. బొమ్మ మసకగా కనబడితే తెర వెనుక దీపమే ఆరిపోయిందని తెలుస్తుంది. ముందుగా వెలుగు పెంచే మీటను నొక్కి చూడండి. ఫలితం లేకపోతే మరమ్మతుకు ఇవ్వాలి. ఆలోగా టెలివిజనుకు తీగ కలిపి, లోపలి వ్రాతలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకోండి. మరమ్మతు దుకాణానికి యంత్రాన్ని ఇచ్చేముందు చేయవలసిన మొదటి పని ఇదే.

శాశ్వతమైన చికిత్స

ఈ బాధ మాటిమాటికీ వస్తూ ఉంటే, దొంగ ఎవరో పట్టుకోవాలి. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది ఫలించిందో తెలియదు. మొదటిరోజు స్క్రీన్ సేవరును ఒక నిమిషానికి పెట్టి, తెర ఆరడం, నిద్ర రెండింటినీ ఎప్పుడూ వద్దని పెట్టండి. ఒక నిమిషం తరువాత బొమ్మ వచ్చి, షిఫ్ట్ తట్టగానే సవ్యంగా పోతే స్క్రీన్ సేవరు నిర్దోషి. రెండవరోజు స్క్రీన్ సేవరును తీసేసి, తెర ఆరడాన్ని ఒక నిమిషానికి పెట్టి చూడండి. మూడవరోజు నిద్రను అట్లాగే పరీక్షించండి. ఎక్కడ బిగుసుకుంటే దొంగ అక్కడ ఉన్నాడు.

స్క్రీన్ సేవరు దగ్గర చిక్కితే వైద్యం చాలా సులువు. దానిని తీసేయండి. ఎల్.సి.డి. తెరకు దాని అవసరం లేదని పైన చెప్పుకున్నాము గదా. తెర ఆరినప్పుడో నిద్ర నుంచి లేచేటప్పుడో చిక్కితే, తెర డ్రైవరును తయారీదారుల ప్రతితో కొత్తది చేసుకోవాలి. మానిటరు తీగను కూడా మార్చి చూడాలి. అంతవరకు నిద్రను వద్దని పెట్టి, తెర ఆరడంతో సరిపెట్టుకోండి. విండోస్ 10కు ఉచితంగా అందరికీ ఇచ్చే మామూలు మద్దతు 14 అక్టోబరు 2025తో ముగిసింది. ఆ పాత ఏర్పాటులోనే ఉన్నవారు ఇంట్లో తెలిసినవారితో ఆలోచించుకోవడం మంచిది.

ఒక హెచ్చరిక. తెర మళ్ళీ వెలిగినప్పుడు సంకేతపదం అడగడం విసుగని కొందరు దానినే తీసేస్తున్నారు. ఇంట్లో ఒక్కరే వాడే యంత్రమైతే మీ ఇష్టం. పదిమంది వచ్చిపోయే కార్యాలయంలో, సభ్యుల విలాసాలు, బ్యాంకు లెక్కలు ఉండే యంత్రానికి మాత్రం ఆ తాళం ఉండవలసిందే. బొమ్మల ఆట తీసేసినా తాళం ఉంచుకోవచ్చు. లేచి వెళ్ళేటప్పుడు విండోస్ మీటతో ఎల్ నొక్కితే చాలు.

అట్లాగే, మీ కంప్యూటరులో దోషమున్నదని తమంతట తామే టెలిఫోను చేసి, దానిని తమ చేతికి ఇమ్మని అడిగేవారిని నమ్మవద్దు. నల్లతెర బాధలో ఉన్నవారు అటువంటివారికి సులభంగా చిక్కుతారు.

షోలాపూరు పెద్దాయనగారికి మరొక మనవి. మీ వ్రాతప్రతిని వారానికొకసారి పెన్‌డ్రైవులోకి ఎక్కించండి. నెలకొకసారి కాగితంమీద అచ్చుతీసి బీరువాలో పెట్టండి. కాగితానికి నల్లబడే తెర లేదు, సంకేతపదమూ లేదు. మీ మనుమలు తెలుగు కూడబలుక్కుని చదివేనాటికి అది వారి చేతికి అందాలి.

వచ్చే నెల ప్రింటరు మొరాయింపులను గురించి వచ్చిన జాబులకు బదులు చెబుతాను. వ్రాసేవారు యంత్రం పేరుతోపాటు దాని దీపాలు ఏ రంగులో ఎట్లా వెలుగుతున్నవో కూడా వ్రాస్తే, రోగం తెలుసుకోవడం తేలికవుతుంది.